రేపల్లె ప్యాసింజరులో రేపటి పాట

మా మేనల్లుడు బాపట్లలో ఇంజనీరింగ్ చదివి పాటల ఆల్బమ్ చేశాడు. ఇండీ పాప్‌ట. ప్రయోగాత్మకంట. అన్నిటికీ మించి 'రెట్రో ఫ్యూచరిస్టిక్'ట. అంటే ఏమిట్రా అంటే, "నిన్నటివాళ్లు ఊహించుకున్న రేపు మావయ్యా" అన్నాడు. నిన్న తెనాలిలో ఉన్నవాణ్ణి నేను. నేను ఊహించుకున్న రేపల్లా, రేపల్లె ప్యాసింజరులో కిటికీ పక్క సీటే.

ముందు అట్ట చూపించాడు. గులాబీ ఆకాశం, కొబ్బరిచెట్లు, సూర్యలంక సముద్రంలోకి దిగిపోతున్న నియాన్ సూర్యుడు. ఒరే, మన తీరాన సూర్యుడు సముద్రంలోంచి పైకొస్తాడు, దిగేది వెనకాల పొలాలవైపు. ఆ అస్తమయం కాలిఫోర్నియా సరుకు. "అది వైబ్ మావయ్యా" అన్నాడు. వైబ్ అంటే తూర్పూ పడమరా తెలియకపోవడం కాబోలు.

మొదటి పాట పెట్టాడు. అర నిమిషం పాటు బుస. ఫోను పాడైందనుకుని తట్టాను. పాడవలేదట, టేపు బుస వినిపించే సాఫ్ట్‌వేర్ డబ్బు పెట్టి కొన్నాడట!

ఎనభైల్లో చీటీ మీద పన్నెండు పాటలు రాసి కాసెట్ల షాపులో ఇచ్చి, వారం రోజులు తిరిగేవాళ్లం. ఆ బుస వదిలించుకోవడానికే డాల్బీ మీట ఉన్న టేప్‌రికార్డరు అప్పుచేసి కొన్నాను. దూది స్పిరిట్‌లో ముంచి హెడ్డు తుడిచేవాణ్ణి. రీలు నమిలి బయటికి కక్కితే పెన్సిల్ దూర్చి తిప్పేవాణ్ణి. తెగితే సెల్లోటేపు ముక్క. ఆ అతుకు దగ్గరికి రాగానే బాలుగారు ఒక అక్షరం మింగేవారు. మా ఇంట్లో ఆ పాటను అందరూ ఇప్పటికీ ఆ అక్షరం లేకుండానే పాడతారు.

రెండో పాటలో గొంతు మనిషిది కాదు, మరమనిషిది. ముక్కలు ముక్కలుగా, ఎక్కడా ఊపిరి తీయకుండా పలుకుతుంది. ఇదేం ప్రయోగమయ్యా? తెనాలి జంక్షన్‌లో రైళ్ల రాకపోకలు ఆ గొంతుతోనే వింటున్నాం కదా, అదీ మూడు భాషల్లో!

రేపటిని నిజంగా ఊహించినవాళ్లు లేకపోలేదు. 1991లో సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' తీశారు. కాలయంత్రం ఒకవైపు రాయలకాలానికీ, ఇంకోవైపు 2504కీ పోతుంది. మన తెనాలి రామకృష్ణుడూ ఉన్నాడందులో, చంద్రమోహన్ రూపంలో. సంగీతం ఇళయరాజా. ఆ పాటల్లో పాతకాలం కావాలంటే రాగం తెచ్చారు గానీ దుమ్ము తేలేదు. ఆ సినిమానే శుభ్రంగా తుడిచి 2025లో 4కెలో మళ్లీ విడుదల చేశారు. పాతవాటికేమో దుమ్ము దులుపుతున్నారు, కొత్తవాటికేమో చల్లుతున్నారు.

ఇంకా వెనక్కి వెళితే, 1982లో బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జీత్ సింగ్, అప్పుడే బజారులోకొచ్చిన రోలండ్ ఎలక్ట్రానిక్ వాద్యయంత్రాలు ముందేసుకుని పది రాగాలను డిస్కో దరువు మీద వాయించాడు. పెద్దగా ఎవరూ కొనలేదు. 2010లో హాలండువాళ్లు మళ్లీ వేశాకగానీ, ఆయన వాయించిన కొన్నేళ్లకు షికాగోలో పుట్టిన యాసిడ్ హౌస్ అనే నృత్యసంగీతానికి ఇది అన్నలా ఉందే అని లోకం నోరెళ్లబెట్టలేదు. ఆయన చేతిలో ఉన్నది ఆనాటి కొత్త యంత్రం. మావాడి చేతిలో ఉన్నదీ కొత్త యంత్రమే, దాంతో వాడు చేయిస్తున్నది పాతయంత్రం దగ్గును అనుకరించడం.

ఇంత తిట్టినా ఒకటి దాచను. మూడో పాట బాగుంది. కూరగాయలు తరుగుతూ రెండుసార్లు కూనిరాగం తీశాను. మా ఆవిడ విని, ఇది ఏ సినిమాలోదండీ అంది. వాడికి మాత్రం చెప్పలేదు.

మొన్న మళ్లీ వచ్చాడు. అటక మీద నా టేప్‌రికార్డరు ఇంకా ఉందా అని అడిగాడు. ఎంత సంతోషమేసిందో! ఉంది, బెల్టు సాగిపోయి కీచుమంటోంది, రేపే బాగు చేయించి ఇస్తానన్నాను.

"అమ్మో వద్దు మావయ్యా! బాగైతే ఆ కీచు పోతుంది. నాక్కావలసింది అదే."