నారింజ చొక్కా ఉపదేశం – టీకా తాత్పర్య సహితం

మూలం: “తమ్ముడూ, కింగ్స్ డే నాడు ఆరెంజ్ షర్టేసుకుని ఆమ్‌స్టర్‌డామ్ వీధుల్లోకి వెళ్లు. దెబ్బకి లోకల్ అయిపోతావు.”

అవతారిక: నెదర్లాండ్స్‌కు కొత్తగా వచ్చిన తెలుగువాడికి ఏప్రిల్ మాసంలో ఈ మంత్రం ఉపదేశిస్తారు. దీనికి ఋషి సీనియర్, ఛందస్సు వాట్సాప్, దేవత విల్లెమ్ అలెగ్జాండర్ మహారాజు. జూనియర్ “ఇక్కడ ఎవరూ కలవరేంటన్నా?” అని అడిగినప్పుడు వాడి నోరు మూయించడం వినియోగం.

ప్రతిపదార్థం: సుగమం. చొక్కా అంటే తెలియనివాడు ఈ వ్యాఖ్యకు అధికారి కాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ కొలిచెలమ మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. ఆయన మీద మాకెంత భక్తి ఉన్నా రెండో నియమం మావల్ల కాదు.

“కింగ్స్ డే నాడు” – ఏనాడు? స్మార్తులకో ఏకాదశి, వైష్ణవులకో ఏకాదశి చూపే పంచాంగం నీడన పెరిగినవాళ్లకే ఈ ప్రశ్నలోని గౌరవం తెలుస్తుంది. ఆదిలో ఇది రాచబిడ్డ పండుగ. 1885 ఆగస్టు 31న, విల్హెల్మినాకు అయిదేళ్లు నిండిన రోజున మొదలైంది. ఆమె రాణి కాగానే పండుగా రాణిగారిదైంది. 1949 నుంచి కూతురు యూలియానా పుట్టిన ఏప్రిల్ 30కి మారింది. ఇంతవరకు సూత్రం తేట: గద్దె ఎవరిదో జన్మదినం వారిది.

1980లో యూలియానా కూతురు బేయాట్రిక్స్ రాణి అయ్యారు. ఆమె పుట్టింది జనవరి 31. పండుగ మాత్రం ఏప్రిల్ 30నే ఉండిపోయింది. తల్లి మీద గౌరవమని ఒక పక్షం. జనవరి చలిలో వీధిన కూర్చుని పాత సామాను ఎవరమ్ముతారని మరో పక్షం. రెండూ గ్రాహ్యమే, రెండోది ప్రబలం. ఏదైతేనేం, 33 ఏళ్ల పాటు ఒక దేశం కూతురి పండుగను తల్లి పుట్టినరోజున చేసుకుంది. ఇంత హాయైన నిర్ణయం ధర్మసింధువులో కూడా కనబడదు.

2013 ఏప్రిల్ 30న ఆమె కొడుకు విల్లెమ్ అలెగ్జాండర్ రాజయ్యాడు. ఆయన పుట్టింది 1967 ఏప్రిల్ 27న. సూత్రం మళ్లీ చక్కబడిందని సంతోషించబోతే 2014లో ఆ తేదీ ఆదివారం పడింది. ఆదివారం ఈ పండుగ చేయరు. మరి ముందురోజా, మర్నాడా? 1980కి ముందైతే సోమవారానికి జరిపేవారు, ఆ తర్వాత శనివారానికి. అనగా పరవిద్ధను విడిచి పూర్వవిద్ధను పట్టారు. అందువల్ల రాజుగారి మొట్టమొదటి కింగ్స్ డే ఆయన పుట్టకముందు రోజున జరిగిపోయింది. 2025లోనూ ఇంతే, 2031లోనూ ఇంతే. పాత గైడు పుస్తకాన్ని నమ్మి ఏప్రిల్ 30న దిగినవాడు ఒంటరి నారింజై ట్రామ్ ఎక్కవలసిందే. ఈ తిథిచర్చ ఇంకా సాగవలసినదే గాని, సీనియర్ ఎదురు చూస్తున్నాడు.

“ఆరెంజ్” – జెండాలో ఈ రంగు లేదు. ఉన్నవి ఎరుపు, తెలుపు, నీలం. ఈ రోజున పైన సన్నటి నారింజ పట్టీ ఒకటి కడతారు. ఇది రాజవంశం రంగు. ఆ వంశనామమా, దక్షిణ ఫ్రాన్సులోని ఒక చిన్న సంస్థానానిది. వచ్చే పోయే ప్రతివాణ్ణీ కలిసిపొమ్మనే రంగే ఫ్రాన్సు నుంచి వచ్చింది. దాన్నెవరూ లోకల్ అయ్యావా అని అడగలేదు.

“వీధుల్లోకి వెళ్లు” – ఏ వేళకు? ఉపదేశకుడు చెప్పడు. పూర్వాహ్ణంలో ఫోండల్‌పార్క్ పిల్లలది. దుప్పటి పరిచి పాత బొమ్మలమ్ముతారు, వయొలిన్ గీస్తారు, డబ్బులకు క్యూఆర్ కోడ్ చూపిస్తారు. ఆ ఒక్క రోజు పర్మిట్టు, పన్ను లేకుండా ఎవరైనా వీధిన పాత సామాను అమ్ముకోవచ్చు. చోటు కోసం ముందే నేల మీద సుద్దతోనో టేపుతోనో గీతలు గీసి పెట్టుకుంటారు. అపరాహ్ణం బీరుది. కాలువల్లో పడవలు, పడవల్లో స్పీకర్లు, వంతెన మీద ఊపిరాడని జనం. ఎవరి పండుగో ఆ రాజుగారు ఇక్కడ ఉండరు. కుటుంబంతో ఏటా ఒక ఊరికి వెళతారు. 2024లో ఎమ్మెన్ వెళ్లారు.

ఇక్కడ గాంభీర్యం పక్కన పెట్టి ఒక మాట. మగవాళ్లకు వీధిలోనే ప్లాస్టిక్ మూత్రశాలలు నిలబెడతారు. ఆడవాళ్లు మాత్రం ఎవరి గుమ్మం ముందో “టాయిలెట్, ఇంత” అని రాసిన అట్టముక్క కింద వరుసలో నిలబడాలి. వెంట వచ్చిన భార్య ముఖం చూస్తూ ఉత్సవశోభను వర్ణించడం ఏ ఆలంకారికుడికీ సాధ్యం కాదు. 2012లో రేనెన్ ఊళ్లో, అప్పటికి యువరాజైన ఇదే దొర, టాయిలెట్ కమోడ్ విసిరే పోటీలో పాల్గొన్నాడు. విసరడానికి దొరికేది వాడుకోవడానికి దొరకదు. దీన్ని విరోధాభాసమంటారు. ఆభాసం కూడా కాదు, విరోధమే.

“లోకల్ అయిపోతావు” – ఇక్కడ శంక. చొక్కా వల్ల లోకల్ అయ్యేటట్టయితే సాయంత్రం చొక్కా విప్పగానే ఏమవుతాడు? పొద్దున భుజం మీద చెయ్యి వేసి పాడినవాడే మర్నాడు మెట్ల మీద ఎదురైతే పలకరింపు ఒక్క ముక్కతో తెగిపోతుంది. అతడి తప్పేమీ లేదు. అతడు చొక్కాతో పాడాడు, మనిషితో కాదు.

సమాధానం: 1605లో డచ్చివాళ్లు బందరు వచ్చారు. ఇస్త్రీ మడతల పంచె కట్టుకుని జాతరలో తిరగండి, కలిసిపోతారని వాళ్లకు ఏ సీనియరూ చెప్పలేదు. వాళ్లు కొట్టు తెరిచారు. నేత బట్ట బేరమాడారు. లాభమూ పేచీ రెండూ పడ్డాయి. ఆ ఊళ్లో వాళ్ల పేరు మోస్తూ వలందపాలెం నేటికీ ఉంది. చూడ వచ్చినవాడి పేరు ఊరికి అక్కర్లేదు. బేరానికి కూర్చున్నవాడి మీద మంచో చెడో ఒక అభిప్రాయమైనా ఏర్పడుతుంది.

సిద్ధాంతం: మూలంలో “వేసుకో”, “వెళ్లు” అనే క్రియలున్నాయి గాని “కూర్చో”, “అమ్ము” లేవు. దోషం అక్కడుంది. కొత్తవాణ్ణి జనంలోకి తోసి తాను ఆమ్‌స్టెల్‌వేన్‌లో బిర్యానీకి కూర్చునే సీనియర్‌కు ఆ క్రియలు తెలియకపోవడం సహజం.

ఫలశ్రుతి: ఇది చదివినవాడికి చిల్లర, విన్నవాడికి వరుస లేని మరుగుదొడ్డి లభించును. ఉపదేశించినవాడు వచ్చే ఏప్రిల్‌లో దుప్పటి పరిచి, పాత ప్రెషర్ కుక్కర్ ముందు పెట్టుకుని, “దీనికి విజిల్ ఏదీ?” అని అడిగే ఏడేళ్ల పిల్లకు డచ్చిలో జవాబు చెప్పవలెను. అంతవరకు అతడి వాక్యం అప్రమాణం.