పందికొక్కు ప్రవాసం

ఉత్తరం చివర ‘ప్లీజ్ డూ ది నీడ్‌ఫుల్’ అని కొట్టగానే కంప్యూటరు దాని కింద గీత గీస్తోంది. ‘ఔట్ ఆఫ్ స్టేషన్’ కిందా గీతే. ఇది చాలదన్నట్టు, శని ఆదివారాల్లో బెంగళూరు నుంచి మదనపల్లెకు దిగే మా అల్లుడొకడు. ‘‘ఏమి మామా, ఇవన్నీ విక్టోరియా రాణి కాలం మాటలు. ఇంగ్లండులోనే ఎవురూ అనరు. నువ్వు యాల వాడ్తాండావు?’’ అంటాడు.

ఎందుకు వాడకూడదు? అక్కడ దిక్కులేని మాటల్ని ఇక్కడ మనం తిండిపెట్టి సాకుతున్నాం. టిఫిన్‌నే చూడండి. ‘టిఫింగ్’ అంటే ఒకప్పుడు వాళ్లకు వేళకాని వేళ చిరుతిండో గుక్కెడు మందో పుచ్చుకోవడం. అక్కడ దాన్ని దాదాపు మరిచిపోయారు. ఇక్కడ పుంగనూరు బస్టాండులో తెల్లారేసరికి పెనం మీద పొగలు కక్కుతోంది. డిక్కీ అంటే గుర్రబ్బండి వెనక నౌకరు కూర్చునే సీటు. మనం అందులో బియ్యం మూటలు వేస్తున్నాం. స్టెప్నీ 1904 నాటిది. వేల్స్‌లోని లనెల్లి ఊళ్లో, స్టెప్నీ వీధిలో, డేవిస్ అన్నదమ్ములు తయారుచేసిన అదనపు చక్రం. స్టెప్నీ ఎక్కడని కుప్పంలో లారీ డ్రైవర్ని అడిగితే టైరు చూపిస్తాడు. లండన్‌లో అడిగితే ఆ పేరున్న పేటకు దారి చూపిస్తారు.

ఇక నీడ్‌ఫుల్. పద్దెనిమిదో శతాబ్దం నుంచీ ఇంగ్లీషులో ‘ది నీడ్‌ఫుల్’ అంటే చేతిలో ఆడే డబ్బు అని కూడా ఒక అర్థం. ఏ నిఘంటువూ తిప్పకుండానే ఈ పాత ప్రయోగం తెలిసిన ఆఫీసొకటుంది. పేరు చెప్పను, నా కాగితం ఇంకా వాళ్ల బల్లమీదే ఉంది. నీడ్‌ఫుల్ చేయమని నేను అర్జీ పెట్టుకున్నాను. చేయాల్సింది నేనేనని వాళ్లు ఓపిగ్గా ఎదురుచూస్తున్నారు.

పరాయి మాటల సంగతి సరే, మనవాళ్లలో విదేశాలకెళ్లి అందరికంటే పేరు తెచ్చుకున్నదెవరో తెలుసా? పందికొక్కు. తెల్లదొరల నోట్లో పడి అది బ్యాండికూట్ అయింది. 1886లో అచ్చయిన యూల్, బర్నెల్‌ల ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువులో తెలుగు పుట్టుకతో సహా చోటు సంపాదించింది. ఓడెక్కి ఆస్ట్రేలియా పోయింది. అక్కడ కడుపు సంచిలో పిల్లల్ని మోసే, మన పందికొక్కుతో ఏ చుట్టరికమూ లేని జంతువుకు ఆ పేరు తగిలించారు. శాస్త్రవేత్తలేమో అసలుదానికి లాటిన్ వేషం వేసి ‘బ్యాండికోటా ఇండికా’ అన్నారు. 1996లో అమెరికా చేరి ‘క్రాష్ బ్యాండికూట్’ పేరుతో వీడియో గేము హీరో అయింది. వీసా లేదు, కన్సల్టెన్సీ లేదు, ఇంటర్వ్యూ లేదు! కేరళ ఇంజనీర్లు మ్యాన్‌హోళ్లు శుభ్రంచేసే రోబోకూ ఆ పేరే పెట్టారు. చదువుకు తగిన ఉద్యోగం ఇదొక్కటే. ఇంత కీర్తి గడించినదానికి సొంత గడ్డమీద మర్యాద ఉందా? టమోటా మండీలో కనబడితే కర్ర తీస్తారు. మా పెరట్లోదైతే ఈ వైభవమేదీ పట్టనట్టు గోడ కింద తవ్వుకుంటూ పోతోంది. రేపు గోడ కూలితే ఆస్ట్రేలియావాళ్లు వచ్చి కట్టిస్తారా?

పందికొక్కు దూరే గోడౌన్ కథా అంతే. మలయ్ భాషలోని గుడాంగ్ నుంచి అది ఇంగ్లీషులోకి వచ్చింది; దాని మూలాన్ని హాబ్సన్-జాబ్సన్ మన గిడ్డంగి దగ్గరికే తెచ్చింది. సముద్రాలు తిరిగొచ్చిన గోడౌన్‌ను ఫారిన్ అల్లుడికి చేసినట్టు కాళ్లు కడిగి లోపలికి తెచ్చుకుని, ఇంట్లో ఉన్న గిడ్డంగిని బయటికి నెట్టాం.

ఇక్కడికొచ్చేసరికి నాకు నవ్వు రావడం లేదు. పుంగనూరు దగ్గర మా తాత ఎద్దులతో బావి నీళ్లు తోడే కపిల తోలేవాడు. బాన, తొండం, మోకు అన్న మాటలు నాకు గుర్తున్నాయి. తక్కినవాటికీ పేర్లుండేవి. ఎద్దులు ఎక్కీ దిగే ఆ వాలును కూడా ఆయన ఏదో పేరుతో పిలిచేవాడు. కరెంటు మోటారు వచ్చింది, కపిల పోయింది, తాతా పోయాడు. ఆ మాటల్ని తీసుకెళ్లి సాకడానికి ఏ దొరా రాలేదు. స్టెప్నీ పుట్టిన వీధి నాకు తెలుసు. మా బావి దగ్గరి వాలుకు పేరు తెలియదు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల కపిల తోలినవాళ్లు మీ ఇళ్లలో ఉంటే, బాన దగ్గర్నుంచి కాడిమాను దాకా ఒక్కోదాని పేరూ అడిగి రాసుకోండి. నాకు పంపండి. నా మీద నమ్మకం లేకపోతే కుప్పంలో 1997 నుంచీ ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది, అక్కడికి పంపండి. పండగ దాకా ఆగకండి, వాళ్లకు ఎనభై దాటాయి.