సభల బ్రదర్‌గారు

గుంటూరు కానివ్వండి, ఒంగోలు కానివ్వండి, ఉజ్జీవ సభలకు షామియానా కట్టడం పూర్తికాకముందే బ్రదర్‌గారు దిగిపోతారు. మొదటి వరసలో మధ్య కుర్చీ మీద జేబురుమాలు పడుతుంది. ఆ తర్వాత జిప్పు కవరు బైబిలు, లాంగ్ నోట్‌బుక్కు, నాలుగు రంగుల పెన్నులు బయటికొస్తాయి. ఎరుపు ఆజ్ఞలకు, నీలం వాగ్దానాలకు, ఆకుపచ్చ ప్రవచనాలకు. నాలుగోది పెన్ను మరిచిపోయి వచ్చినవాళ్లకు అరువివ్వడానికి. అది తిరిగి రాకపోతే మాత్రం ప్రసంగం మధ్యలోనే వెనక్కి తిరిగి అడిగేస్తారు.

ఇంట్లో బీరువా మీద ఆ నోట్సులు కట్టలు కట్టలుగా పేరుకున్నాయి. శిష్యత్వ శిక్షణ, జయజీవితం, అంత్యదినాల సిద్ధపాటు అని అట్టల మీద పేర్లు. హాజరైన ప్రతి శిక్షణకూ సర్టిఫికెట్టు ఉంది, లామినేషన్‌తో సహా. కోపాన్ని అదుపులో పెట్టుకోవడం మీదే మూడు నోట్సులు. వాటి మీద ఎవరైనా ఉతికిన దుప్పట్లు పెట్టారంటే, ఆ మూడింటిలో రాసుకున్నదంతా ఆ క్షణమే గాలికి పోతుంది.

వాక్యం వినడంలో ఆయనది ప్రత్యేకమైన పద్ధతి. ప్రసంగీకుడు గర్వం మాట ఎత్తగానే మూడో వరసలోని తోడల్లుడి వైపు చూస్తారు. ధనాపేక్ష అనగానే సంఘ కోశాధికారి వైపు. "ఈ వర్తమానం వాడి కోసమేనండీ, వాడేమో ఇవాళే రాలేదు" అని టీ దగ్గర వాపోతారు. ఈపాటికి బోధకులు కావలసినవాళ్లు ఇంకా పాల దశలోనే ఉన్నారని హెబ్రీ పత్రిక 5వ అధ్యాయం మందలిస్తుంది కదా, ఆ భాగం ఆయనకు కంఠతా వచ్చు. దాన్ని యువజన కూడికలో పిల్లల మీద ప్రయోగిస్తారు.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డుల పళ్లెం వచ్చినప్పుడు చూడాలి ఆయన్ను. కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ ఒకటి తీస్తారు. అందులో అభివృద్ధి, విస్తరణ లాంటివి ఉంటే ప్రభువు మాట్లాడాడని ఊరంతా చెబుతారు. ఓర్పు, శ్రమ లాంటివి తగిలితే, "రెండు అతుక్కుని వచ్చాయి అయ్యగారూ" అంటూ ఆ కార్డును అడుగున దోపి ఇంకోటి తీసుకుంటారు.

ఇక ఉపవాసం. భస్మ బుధవారం నుంచి ఈస్టరు ముందురోజు దాకా లెక్కపెడితే 46 రోజులు. ఆదివారాలు ఆరూ తీసేస్తే 40. వేదాంతం మొత్తంలో ఈ తీసివేత మీదున్నంత పట్టు ఆయనకు మరి దేనిమీదా లేదు. ఆ 40 రోజులూ ఇంట్లో మిక్సీ తిప్పాలన్నా జంకే. "మీ నాన్న ఉపవాసంలో ఉన్నారు, టీవీ కట్టెయ్" అని సిస్టర్‌గారు పిల్లల్ని సైగలతో అదిలిస్తుంటారు. మానేసింది ఆయన టిఫిను, హడలు మాత్రం ఇంటిల్లిపాదికీ. ఉపవాసముండి కలహించేవాళ్లను యెషయా 58వ అధ్యాయం గట్టిగానే తిడుతుంది. బ్రదర్‌గారు ఆ అధ్యాయానికి ఆకుపచ్చ రంగు వేశారు.

వంశం గురించి అడిగితే ఛాతీ పొంగుతుంది. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అందులో తమ ముత్తాతగారి తండ్రి ఒకరని చెబుతారు. (ఆ చుట్టుపక్కల ఇదే మాట చెప్పేవాళ్లందరి పూర్వీకుల్నీ లెక్కేస్తే ఏరు చాలదు.) ఆ బాప్తిస్మాలు జరిపించిన మిషనరీ జాన్ క్లౌ దొర అంతకుముందు, కరువు పనులు నడిచినంతకాలం, కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఎవరికీ బాప్తిస్మం ఇవ్వకుండా ఆగమన్నాడు. కథలో ఆ భాగాన్ని బ్రదర్‌గారు దాటవేస్తారు, ఆగడమంటే ఆయనకు గిట్టదు.

నిజానికి క్రైస్తవ సంఘంలో శిక్షణను మొదట్నుంచీ వేరేగా కొలిచారు. హిప్పొలిటస్ పేరు మీద చెలామణీ అయిన 'అపోస్తలిక సంప్రదాయం' అనే పాత గ్రంథం, బాప్తిస్మానికి ముందు మూడేళ్లు వాక్యం వినాలంటుంది. ఆ తర్వాత విచారణ ఉండేది. విధవరాండ్రను గౌరవించారా, రోగుల్ని చూడబోయారా అని అడిగేవారు, నోట్సు చూపించమని కాదు. సాక్ష్యం చెప్పాల్సింది కూడా అభ్యర్థి కాదు, అతన్ని తీసుకొచ్చినవాళ్లు. ఈ లెక్కన బ్రదర్‌గారి తరఫున సిస్టర్‌గారు నిలబడాలి. ఆవిడ ఏం చెబుతారో ఊహించుకోవడానికి సంఘంలో ఎవరికీ ధైర్యం చాలదు.

ఆయన సంఘంలో అయ్యగారు సంఘ చరిత్ర చదువుకున్న మనిషి. 1742లో ఇంగ్లాండులోని బ్రిస్టల్‌లో మెథడిస్టులు మందిరం అప్పు తీర్చడానికి పన్నెండేసి మందిని ఒక జట్టు చేసి, తలకో పెన్నీ చొప్పున వారం వారం వసూలు చేశారు. పెన్నీల కోసం ఇల్లిల్లూ తిరిగితే సంసారాల్లోని గొడవలూ బయటపడ్డాయి. వాళ్ల నాయకుడు జాన్ వెస్లీ ఆ జట్లనే వారం వారం ఒకరి ఆత్మీయ స్థితి ఒకరు విచారించుకునే కూడికలుగా మార్చేశాడు. అయ్యగారు ఆ పద్ధతిని శుక్రవారాల్లో మొదలుపెట్టారు. మైకు లేదు, వేదిక లేదు, గుండ్రంగా చాపలు.

"పోయిన వారం క్షమాపణ గురించి చూశాం. మీకెలా గడిచింది బ్రదర్?"

బ్రదర్‌గారు నోట్సు విప్పారు. "మూడు భాగాలండీ. ఒకటి, క్షమాపణ ఆవశ్యకత. రెండు..."

"అది నేను చెప్పింది. మీరేం చేశారు?"

"ఫెయిర్ చేశానండీ. నీటుగా."

అంతమాత్రాన ఆయన్ను వేషధారి అనేయడం అన్యాయం. ఆ సంఘంలో అర్ధరాత్రి ఎవరైనా ప్రభువునందు నిద్రిస్తే మొదటి ఫోను ఆయనకే వస్తుంది. పెట్టె కోసం తెల్లవారకముందే వడ్రంగిని లేపుతారు. సమాధుల తోటలో గొయ్యి చాలినంత లోతుందో లేదో తానే దిగి చూస్తారు. వానైతే గొయ్యిలో చేరిన నీళ్లు బకెట్టుతో తోడిపోస్తారు. డబ్బులేని ఇంటివాళ్ల దగ్గర వడ్రంగి బిల్లు ఊసే రానివ్వరు. తోడల్లుడితో మాటల్లేని రోజుల్లోనే ఆ తోడల్లుడి తల్లి పోతే, మూడు రోజులు ఆ ఇంటి అరుగు దిగలేదు. ఇవేవీ ఏ నోట్సులోనూ లేవు, ఏ రంగు పెన్నూ వీటికి అందలేదు.

ఆ భూస్థాపన నుంచి తిరిగొస్తూ అయ్యగారు మెల్లగా కదిపారు. "ఈ శుక్రవారం కూడికలో ఇదే చెప్పండి బ్రదర్."

"ఏది, గొయ్యి సంగతా?" బ్రదర్‌గారు నిజంగానే తెల్లబోయారు. "దాంట్లో చెప్పుకోడానికేముందండీ? అయినా శుక్రవారం నాకు కుదరదు. తెనాలిలో మూడు రోజుల సభలు. ఆత్మీయ పరిపక్వత మీద. తెల్లారకముందే బయల్దేరకపోతే ముందు వరస దొరకదు."