భాద్రపదంలో చూసి కొనరా అబ్బాయ్

ఇల్లు కొంటున్నానని హైదరాబాదు నుంచి మనవడు ఫోను చేశాడు. ఎక్కడరా అంటే తాడేపల్లిగూడెంలో, కడకట్ల వైపు, నిట్‌కి దగ్గర్లో అన్నాడు. కిందా పైనా నాలుగు వాటాల డాబా. మరి ఎప్పుడొచ్చి ఉంటార్రా అంటే, "ఉండడానికి కాదు తాతయ్యా, అద్దెలకి" అన్నాడు. దాంతోపాటు ఏలూరుకు దిగువన, కైకలూరు రోడ్డు వైపు ఎకరంన్నర పొలం బేరంలో ఉందట. కొనేసి చేపల చెరువుకి లీజుకిస్తాడట. చూశావురా అన్నాను. చూశానన్నాడు. ఎప్పుడొచ్చావురా అంటే, వీడియో పంపారన్నాడు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

అబ్బాయ్, నువ్వూ వాడి ఈడువాడివే కాబట్టి నీకూ చెబుతున్నాను, విను. మా రోజుల్లో పొలం కొనడమంటే పిల్లనివ్వడం కన్నా పెద్ద విచారణ. మా నాన్న ఎకరం చేను కోసం ఏడాది తిరిగాడు. వైశాఖంలో వెళ్లి నేల ఎంత నెర్రె విచ్చిందో చూశాడు. భాద్రపదంలో నన్ను భుజానెక్కించుకుని మోకాలి లోతు బురదలో దిగి, నీళ్లు ఎటునుంచి వచ్చి ఎటు పోతున్నాయో చూశాడు. పక్క చేను రైతుతో గట్టు మీద కూర్చుని చుట్ట కాల్చాడు. చుట్ట అయ్యేసరికి ఆ చేను పుట్టుపూర్వోత్తరాలన్నీ బయటికొచ్చేశాయి. ఆ తరవాతే కరణం గారి దగ్గర అడంగల్ చూడ్డం, దస్తావేజు లేఖరి ముందు కూర్చోవడం. ఆ లేఖరి పైకి చదువుతూ రాస్తుంటే, నాలుగు దిక్కుల హద్దులూ, పుత్రపౌత్ర పారంపర్యంగా, ఆచంద్రతారార్కంగా అనుభవించమనే ఆ మాటలూ వింటుంటే గుళ్లో నిలబడ్డట్టుండేది. ఇప్పుడు ఆ మాటలెవడికి కావాలి? ఐదేళ్లలో రెట్టింపవుతుందా, అదొక్కటే ప్రశ్న.

అద్దెలు మాత్రం మాకు తెలియవా? ఏలూరు పవర్‌పేటలో మా పెంకుటింట్లో పక్క వాటా ఎప్పుడూ అద్దెకే ఉండేది. ఒక మేష్టారి కుటుంబం ఇరవై రెండేళ్లున్నారు. అద్దె పద్దెనిమిది రూపాయలు. ఒకటో తారీఖున మేష్టారు గుమ్మంలోకి వచ్చి నిలబడేవారు, మా నాన్న లేచి ఎదురెళ్లి తీసుకునేవాడు. కూర్చుని అద్దె పుచ్చుకోవడం నేనెప్పుడూ చూడలేదు. రెండు వాటాలకీ నుయ్యి ఒకటే. తెల్లవారుజామున గిలక చప్పుడు వినే ఏ ఇంటివాళ్లు ముందు లేచారో చెప్పేవాళ్లం. మేష్టారికి టైఫాయిడ్ వచ్చిన ఏడు మూడు నెలలు అద్దె ఊసే రాలేదు. ఖాళీ చేసి వెళ్లిన రోజున ఆయన భార్య వాటా అంతా కడిగి, గడపకు పసుపు రాసి, వాకిట్లో ముగ్గు పెట్టి మరీ బండెక్కింది. వెళ్లిపోయే ఇంటి ముందు ముగ్గు! మా అమ్మ ఆ ముగ్గు తొక్కనివ్వకుండా సాయంత్రం దాకా కాపలా కాసింది. ఇప్పుడు పదకొండు నెలల కాగితం, ఫోనులో టింగుమని అద్దె. ఇంటివాడెవరో అద్దెకున్నవాడికి తెలియదు, అద్దెకున్నవాడు బతికున్నాడో లేదో ఇంటివాడికి పట్టదు.

సరే, ఇల్లు సంగతి వదిలేస్తాను. నన్ను భయపెట్టింది ఆ ఎకరంన్నర. మన ప్రాంతం సంగతి తెలియనివాడు మన దగ్గర నేల కొనకూడదురా. తమ్మిలేరు ఎండాకాలంలో ఇసుక దిబ్బ. వానలు ముదిరితే రెండు పాయలై ఏలూరుని చుట్టి కొల్లేట్లోకి పోతుంది. 2020 అక్టోబరులో ఊళ్లోకి వచ్చినప్పుడు కొత్త కాలనీల వాళ్లు మంచాలెత్తుకుని పరుగెత్తారు. బుడమేరూ, రామిలేరూ, కాలవల నీళ్లూ అన్నీ కొల్లేట్లోకే, సముద్రానికి పోయే దారి మాత్రం ఒక్క ఉప్పుటేరే. కొల్లేరు పళ్లెంలాంటిది. నీళ్లు కాస్త పెరిగితే మైళ్లకు మైళ్లు పరుచుకుంటుంది. 1999లో అయిదో కాంటూరు అనే ఎత్తు గీత దాకా డెబ్భై ఏడు వేల ఎకరాలు అభయారణ్యమన్నారు. 2006లో పొక్లెయిన్లు వచ్చి చెరువు గట్లు కొట్టేస్తుంటే నేను రోడ్డు మీద నిలబడి చూశాను. అప్పులు తెచ్చి చెరువులు తవ్వినవాళ్లు తలమీద చేతులు పెట్టుకుని కూలబడ్డారు. అందులో సొంత పట్టా ఉన్న జిరాయితీ రైతులూ ఉన్నారు. వీడియోలో పచ్చగా కనబడితే సరిపోతుందా? ఆ సర్వే నంబరు కాంటూరుకి లోపలా బయటా అన్నది ఏ వీడియోలో కనబడుతుంది?

ఫోనులో మనవడిపై ఒంటికాలి మీద లేచాను. వాడూ మొండివాడు కాదు, భాద్రపదంలో సెలవు పెట్టి వచ్చాడు. ఇద్దరం ఆటోలో వెళ్లాం. పొలం నీళ్లలో ఉంది. పక్క చెరువు కాపలాదారు షెడ్డు గోడ మీద నా నడుమెత్తున బురద చార కనబడింది. "ప్రతి ఏడూ ఇంతేనండి" అన్నాడతను. వీడు ఆ చార మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. తిరుగుదారిలో ఒక్క మాటా మాట్లాడలేదు. పొలం వదిలేశాడు. ఇల్లు మాత్రం కొన్నాడు.

అన్నీ మా రోజుల్లోనే బాగున్నాయని నేనెంత అరిచినా, ఒకటి ఒప్పుకోవాలి. కరణం గారి కలం జారి చేలు చేతులు మారిన కథలు మా ఊళ్లోనే ఉన్నాయి. 1998లో రిజిస్ట్రారు ఆఫీసుల్లోకి కంప్యూటర్లొచ్చాక ఈసీ, అంటే ఆస్తి మీద లావాదేవీలు చూపే కాగితం, కోసం కాళ్లరిగేలా తిరిగే బాధ తగ్గింది. ఇంకొకటి, చెప్పడానికి నాకే కష్టంగా ఉంది. పుత్రపౌత్ర పారంపర్యంగా అన్న ఆ గొప్ప మాటలో మా చెల్లెలు లేదు. ఆడపిల్లలకి సమాన వాటా అని 1986లో చట్టం వచ్చింది కానీ, అప్పటికే పెళ్లయిపోయినవాళ్లకి వర్తించలేదు. పవర్‌పేట ఇల్లు మా అన్నదమ్ములమే పంచుకున్నాం. దానికి ఒక పట్టుచీర పెట్టి పంపాం. మేం అడగలేదు, అదీ అడగలేదు.

మనవడు ఇల్లు తన పేరూ తన చెల్లెలి పేరూ కలిపి రాయించాడు. అద్దెలు చెరిసగమట. ఈ సంగతి చెప్పడానికి పెంటపాడులో ఉన్న మా చెల్లెలికి ఫోను చేశాను. అంతా విని, కాసేపు ఏమీ అనలేదు. తరవాత మెల్లగా అడిగింది.

"ఆ ఇంట్లో నుయ్యి ఉందా అన్నయ్యా?"

లేదే, బోరు, అన్నాను.