సముద్రం సారు

చిత్తూరు జిల్లాలో పుట్టి పెరిగినవాడికి సముద్రమంటే మెరీనా బీచే. కంటి ఆపరేషనుకో పెళ్ళి చీరలకో మద్రాసు పోయి, తిరుగు బస్సుకు ఇంకా టైముంటే ఇసుకలో నాలుగడుగులు వేసి, ఒక పొట్లం సుండల్ తిని రావడాన్నే మేం సముద్రం చూడడం అనేవాళ్ళం. కొండలకు, గుళ్ళకు, మామిడితోపులకు మాకు కొదవ లేదు గానీ ఉప్పునీళ్ళు మాత్రం పక్కోళ్ళ సొత్తు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టి, నెల్లూరు జిల్లాలో దక్షిణాన ఉండే ముక్క ఒకటి తెచ్చి కొత్త తిరుపతి జిల్లాకు అతికించేసరికి, రాత్రికి రాత్రి మాకు సముద్రం వచ్చేసింది. గంగను దించడానికి భగీరథుడు ఎన్నేళ్ళు ఒంటికాలి మీద నిలబడ్డాడో! మాకు గెజిట్టు సరిపోయింది.

ఆ గెజిట్టును అందరికన్నా గట్టిగా మనసుకు పట్టించుకున్న మనిషి సముద్రం సారు. అసలు పేరు పింఛను పుస్తకంలో ఉంటుంది. ఇది తిరుపతి ప్రకాశం పార్కులో పొద్దున నడిచేవాళ్ళం పెట్టుకున్న పేరు. ఇలాంటి సారు మా పార్కుకే పరిమితం అనుకోవద్దు. యూనివర్సిటీ గ్రౌండులో ఒకరున్నారు, చిత్తూరు గిరింపేటలో కూడా ఒకరు తయారవుతున్నారని వినికిడి. రిటైరై, గ్రాట్యుటీ బ్యాంకులో పడి, పిల్లలు బెంగళూరులో స్థిరపడిన మనిషికి ఏదో ఒక పొద్దున కాఫీ తాగుతుండగా అలల శబ్దం వినబడడం మొదలవుతుంది. డాక్టరు బీపీ అంటాడు. ఆయన పిలుపు అంటాడు.

మా సారు మండల సర్వేయరు. ముప్పై ఏళ్ళకు పైగా ఊరూరా గొలుసు లాగి, అన్నదమ్ముల గట్టు తగాదాలు తీర్చి, కొన్ని పెంచి, రిటైరయ్యారు. బైరాగిపట్టెడలో సొంతిల్లు. దాని ముందు యాత్రికుల బస్సులు, వెనక కల్యాణమండపం, పైన పక్కింటివాళ్ళ అబ్బాయి జిమ్ము. ప్రశాంతంగా సముద్రం ఒడ్డున చిన్న ఇల్లు కావాలని ఆ మనిషి కోరుకోవడంలో తప్పేముంది? ఏమీ లేదు. ఆయన వెతికే పద్ధతిలోనే ఉంది వినోదమంతా.

ఒక పాత సర్వే ఫీల్డు పుస్తకంలో గళ్ళు గీసుకున్నారు. పాలు, పేపరు, డాక్టరు, గుడి, సిగ్నలు, బోరు నీళ్ళు, దొంగల భయం, శబ్దం, తిరుపతికి బస్సు. ప్రతి తీరానికీ మార్కులు. మెరీనా మొదటి రోజే ఫెయిలు. మద్రాసు ఈసీఆర్ సంగతి ఎత్తితే, "మన గ్రాట్యుటీకి ఆడ వాకిలి తలుపు వొస్తాది, ఇల్లు రాదు" అన్నారు. పాండిచ్చేరికి ప్రశాంతమైన ఊరన్న సర్టిఫికెట్టు ఉన్నా, అక్కడ ప్రశాంతంగా ఉండేవాళ్ళు ఎందువల్ల ప్రశాంతంగా ఉంటారో ఆయనకు అనుమానం. భీమిలికి మంచి మార్కులే వచ్చాయి, కానీ రైల్లో ఒక రాత్రంతా పోవాలి, మోకాళ్ళు ఒప్పుకోలేదు. ఇక మిగిలింది మన జిల్లా సముద్రం.

వాకాడు మండలం తూపిలిపాలెం బీచికి ఆయన వెంట నేనూ పోయాను. కారు దిగగానే అందరం నీళ్ళవైపు పోతే ఆయన బోరింగు వైపు పోయారు. చేత్తో పట్టి, ఒక గుక్క నోట్లో పోసుకొని, కళ్ళు మూసుకొని, పుక్కిలించి ఉమ్మి, పుస్తకంలో ఏదో రాసుకున్నారు. తర్వాత సంచిలోంచి టేపు తీశారు. 2011 నాటి తీరప్రాంత నియంత్రణ (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్ పల్లె తీరాల్లో పోటు గీత నుంచి 200 మీటర్ల దాకా మనలాంటి బయటివాళ్ళ కొత్త ఇళ్ళు వద్దంది. ఆ మాట సారుకు కంఠతా వచ్చు. కాబట్టి ముందు పోటు గీత ఎక్కడుందో తేలాలి. టేపు కొస నా చేతికిచ్చి తడి ఇసుక అంచున నిలబెట్టారు. ఆయన ఇరవై అడుగులు వెనక్కి నడిచేలోపు ఒక అల వచ్చి నా మోకాళ్ళ దాకా తడిపి, గీత మార్చి పోయింది. ఇంకో చోట నిలబెట్టారు. ఇంకో అల వచ్చింది. సారు ముఖంలో కోపం చూశాను. హద్దురాయి పాతడానికి లేదు, నోటీసు ఇవ్వడానికి లేదు, రోజుకు రెండుసార్లు ముందుకొచ్చి వెనక్కిపోయే ఇట్లాంటి పొరుగువాణ్ణి ఆయన తన సర్వీసులో చూడలేదు.

"ఇంత పెద్ద కబ్జాదారును పక్కన పెట్టుకొని ఇల్లెట్ల కట్టేదబ్బా?" అన్నారు, ప్యాంటు మడుస్తూ.

వల బాగుచేసుకుంటున్న ఒకాయన దగ్గరికి పోయి, "ఏమప్పా, ఈడ ప్రశాంతంగా ఉంటాదా?" అని అడిగారు.

"ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా ఉంటది సార్. వేట బందు గదా."

"మిగతా రోజులు?"

"మిగతా రోజులు మాకు పనుంటది."

సారు 'ప్రశాంతత: 61 రోజులు' అని రాసుకున్నారు. ఏడాదిలో ఆరో వంతు అన్నమాట.

తిరిగొచ్చే దారిలో రొయ్యల గుంటల పక్కన కారు ఆపించారు. గుంటల్లో చక్రాలు నీళ్ళు చిమ్ముతున్నాయి. ఏరేటర్లు, రొయ్యకు గాలి కావాలి, రాత్రి కూడా తిరుగుతుండాలన్నాడు కాపలాదారు. "రాత్రుళ్ళు శబ్దముంటాదా?" అంటే, "శబ్దం ఆగిపోతేనే మాకు నిద్ర పట్టదు సార్, రొయ్య చచ్చిపోతాది" అన్నాడు. ఆ గడిలో మార్కులు సున్నా.

అట్లాగని జిల్లాలో ప్రశాంతమైన తీరమే లేదని కాదు. ఉంది. శ్రీహరికోట దీవి పొడవునా మనిషి అలికిడి లేని ఇసుక. అయితే అది ఇస్రో వాళ్ళ రాకెట్ కేంద్రం షార్, లోపలికి రానివ్వరు. "జిల్లాలో ఉండే ప్రశాంతమంతా ఇస్రో వాళ్ళే కాంపౌండు కట్టుకున్న్యారు" అని సారు బాధ. అక్కడినుంచి 2025 జనవరి 29న నూరో రాకెట్టు పోయిన పొద్దున మేమంతా చప్పట్లు కొడుతుంటే ఆయన మాత్రం దాని పక్కనుండే సూళ్ళూరుపేట పేజీ తీసి, శబ్దం గడిలో ఒక మార్కు కోశారు. అదే తీరంలోని దుగరాజపట్నం సంగతికొస్తే ఇంకా చిక్కు. 2014 రాష్ట్ర విభజన చట్టంలో అక్కడ పెద్ద ఓడరేవు కడతామని, మొదటి దశ 2018కల్లా పూర్తి చేస్తామని రాశారు. రేవు రాలేదు. అది రాలేదని రాష్ట్రమంతా బాధపడింది, వస్తుందేమోనని సారు ఒక్కరే బాధపడ్డారు.

ఈ దుగరాజపట్నం దగ్గరే ఆయనకొక తోడు దొరికాడు. ఇంగ్లీషు కంపెనీవాళ్ళు 1626లో అక్కడ వర్తక స్థావరం పెట్టుకొని, ఊరికి ఆర్మగాన్ అని పేరు పెట్టుకున్నారు. అక్కడ పనిచేసిన ఫ్రాన్సిస్ డే అనే దొరకు చోటు నచ్చక తీరం వెంబడి కిందికి వెతుక్కుంటూ పోయి, 1639లో మన కాళహస్తి దామెర్ల వారి దగ్గర ఒక ఇసుక దిబ్బ రాయించుకున్నాడు. అదే మద్రాసు. ఈ సంగతి తెలిసినప్పటినుంచీ డే దొర అంటే సారుకు సొంత డిపార్టుమెంటు మనిషి. "ఆయనా మనమాదిరే. నీళ్ళు చూసుకున్న్యాడు, రేటు చూసుకున్న్యాడు, వొద్దనుకున్న్యాడు" అంటారు. దామెర్ల వెంకటాద్రి నాయకుడి మీద మాత్రం కోపం తగ్గలేదు. అంత మంచి సైటు, అదీ మెయిన్ బీచి బిట్టు, పరాయివాళ్ళకు రాసిచ్చేస్తాడా అని.

ఇంట్లో సారు భార్య ఈ వ్యవహారంలో తలదూర్చరు. ఒక్కసారి మాత్రం నా ముందే, కాఫీ గ్లాసు పెడుతూ అన్నారు: "2021 నవంబరులో వానకు మన వీధిలోకే వొచ్చె గదా నీళ్ళు! సోఫా తేలింది. సముద్రం దానంతటది ఇంటికొస్తాంటే మనం బాడిగ కారెక్కి పోవాల్నా?" సారు నావైపు చూశారు. నేను కాఫీవైపు చూశాను.

చిత్తూరులో ఉండే సారు బావమరిది ఇంకా మొండి. కొత్త చిత్తూరు జిల్లాకు సముద్రం రాలేదన్న ఉక్రోషం అతనిది. ఫోను చేసినప్పుడల్లా, "ఏం బావా, సముద్రం బాగుండాదా? మీకు సముద్రమిచ్చి మాకు బెంగళూరా మామిడికాయలు మిగిల్చినారు. టన్ను రేటు పడిపోయినప్పుడు మేము ఏడిస్తే ఈడ గూడా ఉప్పునీళ్ళే" అంటాడు.

ఇన్ని మాటలన్నా నాకొకటి అర్థమైంది. సారు రిటైరైన మొదటి నెలల్లో పార్కులో ఒక బెంచీ మీద కూర్చుని గడియారం చూసుకునేవారు. ఇప్పుడాయనకు తీరిక లేదు. సముద్రం పక్కన ప్లాటు అని ఎవరైనా అడ్వాన్సు ఇవ్వబోయేముందు కాగితాలు తెచ్చి ఆయన చేతిలో పెడుతున్నారు. అడంగలూ ఎఫ్‌ఎంబీ పటమూ చేతికి రాగానే పదేళ్ళు తగ్గిపోతారు. కళ్ళజోడు నుదుటిమీదికి తోసి, కాగితాన్ని ముక్కుకు ఆనించి, "ఇది డీకేటీ. ఇది పోరంబోకు. ఇదిగో, ఈ మూల చూడు, ఇది కాలవ. వానొస్తే నీ హాలు మధ్యలో పోతాది" అని గోటితో గీసి చూపిస్తారు. ఎంతమంది గ్రాట్యుటీలు ఇసుకపాలు కాకుండా కాపాడారో లెక్కలేదు. ఫీజు తీసుకోరు. ఎదుటివాళ్ళు ముప్పావుగంట వినాలి, అంతే.

మొన్న ఒక కొత్త పింఛనుదారు ధైర్యం చేసి అడిగేశాడు: "అన్నీ ఇంత బాగా తెలిసినాయన, మీరెప్పుడు పోతాండారు సార్ ఆడికి?"

"తొందరేముందప్పా? ఇంకా దుగరాజపట్నం ఉత్తరం పక్క కొలవలేదు" అన్నారు సారు.

ఈ ఆదివారం ఆ పక్కకే ప్రయాణం. పొద్దున అయిదుకు పార్కు గేటు దగ్గర కారు. ఒక సీటు ఖాళీగా ఉంది. పెట్రోలు ఖర్చు తలా ఇంత, పెరుగన్నం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి, టేపు కొస పట్టుకునే పని మాత్రం కొత్తగా వచ్చేవాళ్ళది.