వాస్తు పురుషుల వారికి ఒక ఫ్లాటు యజమాని బహిరంగ లేఖ

మహారాజశ్రీ వాస్తు పురుషుల వారి దివ్య సముఖమునకు, హైదరాబాదు పడమటి శివార్లలో ఏడో అంతస్తున కాపురముంటున్న ఒక ఫ్లాటు యజమాని నమస్కరించి రాసుకునే విన్నపం.

విషయం: వాస్తు శాస్త్రంలో కొన్ని సవరణలు కోరుట గురించి.

స్వామీ,

ఇలాంటి మొరలు రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరా దగ్గర పెట్టుకోవాలి గానీ వాస్తు పురుషుడికెందుకయ్యా అని మా తోడల్లుడు అప్పుడే మూతి విరిచాడు. అక్కడికి వెళ్లాల్సిన కాగితాలు అక్కడికి వెళ్తాయి. తమకు విడిగా ఎందుకు రాస్తున్నానంటే, మా బిల్డరు చట్టానికి దండం పెడతాడు, తమకు భయపడతాడు. రెంటికీ తేడా తమకు చెప్పక్కర్లేదు.

నిదర్శనం మనవి చేసుకుంటాను. మొదట గీసిన ప్లానులో అంతస్తుకి రెండు ఫ్లాట్ల చొప్పున ఈశాన్యం మూల తెగి, ఆ జాగాలో లిఫ్టు వచ్చింది. వాటిలో ఒక్కటీ కదల్లేదు. వచ్చినవాళ్లు వచ్చినట్టే ఫోన్లో దిక్సూచి తెరవడం, పెదవి విరవడం, ఆఫీసులో ఇచ్చిన కూల్‌డ్రింకు తాగి వెళ్లిపోవడం. నెల తిరక్కుండా లిఫ్టు దక్షిణానికి జరిగింది, తెగిన ఈశాన్యాలు అతుక్కున్నాయి. ప్లానులో అలాంటి మార్పు చెయ్యాలంటే కొన్నవాళ్లలో మూడింట రెండొంతుల మంది రాతపూర్వకంగా ఒప్పుకోవాలని 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం 14వ సెక్షన్ చెబుతోంది. తమ కోసం మార్చినప్పుడు ఎవర్నీ అడగలేదు, ఎవరూ కాదనలేదు. ఆ ధైర్యంతోనే కాబోలు, మూడంతస్తుల క్లబ్‌హౌస్ రెండంతస్తులకి దిగినప్పుడూ ఎవర్నీ అడగలేదు.

అప్పటికి పునాది గుంట కూడా తవ్వలేదని గమనించ ప్రార్థన. రెరా నంబరు రాకముందే అమ్మకాలు. దీన్ని మా ఊళ్లో ప్రీ లాంచ్ అంటారు. రిజిస్ట్రేషన్ కాని ప్రాజెక్టుకి ప్రకటన ఇవ్వడం, బుకింగ్ తీసుకోవడం రెండూ తప్పేనని అదే చట్టం మూడో సెక్షన్. అగ్రిమెంటు రిజిస్టరు చెయ్యకుండా పది శాతానికి మించి తీసుకోకూడదని 13వ సెక్షన్. కొన్నవాళ్లు కట్టిన దాంట్లో 70 శాతం ఆ ప్రాజెక్టు పేరనే వేరే ఖాతాలో ఉంచాలని నాలుగో సెక్షన్. ఇన్ని సెక్షన్లున్నా, మొత్తం ఒకేసారి కడితే సగం రేటుకే ఇస్తామనే ఆఫర్లకి మా వాళ్లు రిటైర్మెంటు డబ్బులు పట్టుకుని క్యూ కడతారు. క్యూలో నిలబడి అడిగే ప్రశ్న మాత్రం ఒకటే: ఈస్ట్ ఫేసింగ్ ఉందా?

ఉంటుంది, ఉండకేం! దానికో చార్జీ, మూల ఫ్లాటుకో చార్జీ, పై అంతస్తుకో చార్జీ. సూర్యుడు ఉచితంగా ఇచ్చే తూర్పుని చదరపు అడుగుకింత చొప్పున అమ్ముకుంటున్నారు స్వామీ. తమకేమైనా వాటా అందుతోందా?

ఇక కొలతల సంగతి. బ్రోషర్లో మా ఇల్లు 1,800 ఎస్‌ఎఫ్‌టీ. మా బావమరిది టేపు పట్టుకుని గది గదీ కొలిస్తే 1,250 దగ్గర ఆగిపోయింది. మిగతా 550 ఎక్కడుందయ్యా అంటే మెట్ల మీద కొంత, లిఫ్టు గుంటలో కొంత, కారిడార్లో, జనరేటర్ గదిలో, ఆ దిగిపోయిన క్లబ్‌హౌస్‌లో తలా కాస్త ఉందట. బయటి గోడల మందం, డక్టులు, బాల్కనీ తీసేసి లోపల మిగిలిందే కార్పెట్ ఏరియా అని చట్టం విడమరిచి చెప్పింది, అమ్మకానికి పెట్టేటప్పుడు దాన్ని వెల్లడించాలంది. అయినా మా ఊళ్లో ఎస్‌ఎఫ్‌టీ అంటే ఇప్పటికీ సూపర్ బిల్టప్పే. ఇక్కడ తమ మహిమ చిత్తగించండి. వాస్తు కొలతలు చూడ్డానికి వచ్చిన పంతులుగారు పూజ గది అశుభమైన శ్వానాయంలో పడింది, శుభమైన ధ్వజాయానికి తేవాలన్నారు. బిల్డరు మారు మాట్లాడకుండా గోడ మూడంగుళాలు జరిపించాడు. ఆ ఊపులో 550 చదరపు అడుగుల సంగతి కదిపాను. నవ్వి, టీ తెప్పించాడు.

గోడ అంటే గుర్తొచ్చింది. మాస్టర్ బెడ్‌రూమ్ తమ ఆజ్ఞ ప్రకారం నైరుతిలోనే ఉంది. గృహప్రవేశమైన మూడో నెలలో ఆ గోడ మీద, మంచం తలాపుకి పైన, అరచేయంత చెమ్మ కనిపించింది. వానాకాలం కాదు. వారం తిరిగేసరికి పెయింటు బుడగలు లేచి, వేలు పెట్టి నొక్కితే పుట్టీ అప్పడంలా విరిగి పక్క మీద రాలేది. వెనకాల ప్లాస్టరింగ్ తడి ముద్ద, అంచుల్లో తెల్లగా ఉప్పు పూత. మా ఆవిడ రోజూ పొద్దున్నే దుప్పటి దులపడంతో ఇంటి పని మొదలుపెట్టేది. పైవాళ్ల బాత్రూం సరిగ్గా ఆ గోడకి పైనే ఉంది. బాత్రూం కోసం పల్లంగా దించి వేసే సన్‌కెన్ స్లాబులో వాటర్‌ప్రూఫింగ్ చేశాక, టైల్స్ వెయ్యకముందు, నీళ్లు కట్టి ఒకటి రెండు రోజులు నిలబెట్టి కింద చెమ్మ దిగుతోందేమో చూడాలి. ఈ సంగతి నాకు చెప్పింది ఆ పని చేసిన మేస్త్రీయే. "టైల్స్ వాళ్లు వెనకాల నిలబడి తొందర పెడతా ఉంటే నీళ్లు కట్టే టైమెక్కడిది సార్" అన్నాడు, పాపం, దాపరికం లేని మనిషి.

సైటు ఇంజినీరు కుర్రాడికి ఫోన్ చేస్తే "కొత్త బిల్డింగ్ కదా సార్, సెట్ అయిపోద్ది" అన్నాడు. సెట్ కాకపోయేసరికి మనుషుల్ని పంపాడు. వాళ్లు గోకి, పుట్టీ పెట్టి, రంగు వేసి, ఫొటో తీసుకుని వెళ్లారు. మచ్చ ఆ రంగు ఆరకముందే తిరిగొచ్చింది. పైనున్న పెద్దాయన్ని బతిమాలితే, "కొత్త ఇంట్లో శుభమా అని బాత్రూం పగలగొట్టుకోమంటారా?" అని ఆయన గోడు ఆయనది. పనితనంలో గానీ నాణ్యతలో గానీ లోపం బయటపడితే, ఇల్లు చేతికిచ్చిన ఐదేళ్ల దాకా బాధ్యత బిల్డరుదే, చెప్పిన 30 రోజుల్లో పైసా తీసుకోకుండా సరిచెయ్యాలి. అదీ 14వ సెక్షనే. ఆ సెక్షన్ ఉదహరిస్తూ మెయిల్ పెడితే, అగ్రిమెంటులో సీపేజీకి వారంటీ ఏడాదేనని జవాబొచ్చింది. ఏడాది కూడా కాలేదు కదా అంటే మళ్లీ జవాబు లేదు.

అప్పుడు మా ఆవిడ పంతులుగారికి ఆ గోడ ఫొటో పంపింది. ఆయన ఒక్క వాక్యం రాశారు: "నైరుతిలో జలం తగదు, వాస్తు దోషం." మా ఆవిడ దాన్ని అలాగే అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పడేసింది. ఆ గ్రూపులో అదే బిల్డరు ఫేజ్ 2లో ఫ్లాటు కొందామని చూస్తున్న చుట్టాలున్నారు, వాళ్ల చుట్టాలున్నారు. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి బిల్డరు స్వయంగా మా గుమ్మంలో! వెంట ఇద్దరు ఇంజినీర్లు, వాటర్‌ప్రూఫింగ్ వాళ్లు, పై ఇంటాయన కోసం ఓ స్వీట్ బాక్సు. బాత్రూం తవ్వారు, పూత వేశారు, నీళ్లు కట్టి రెండు రోజులు కాపలా కాశారు. గోడ ఆరింది. సెక్షన్ నంబరుకి కదలని పని తమ నామస్మరణకి కదిలింది స్వామీ. ఆ రోజే ఈ లేఖ రాయాలని సంకల్పం చేసుకున్నాను.

ఎందుకంటే మాకింకా ఓసీ రాలేదు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. "ఫిట్‌అవుట్ల కోసం" అని తాళాలిచ్చారు, మేం కాపురాలు పెట్టేశాం, ఫైలు నడుస్తోందంటారు. ఓసీ లేని భవనానికి కరెంటు, నీళ్ల కనెక్షన్లు రెగ్యులర్‌గా ఇవ్వకూడదని, ఇస్తే మూడు రెట్లు చార్జీ వెయ్యొచ్చని 2012 నాటి 168వ నంబరు జీవోలో ఉంది. కట్టిన దాంట్లో పది శాతం మునిసిపాలిటీకి తనఖా పెట్టించుకునేదీ ఇందుకే, ఓసీ తెచ్చేదాకా వదలకుండా. ముంబైలో ఒక సొసైటీ, ఓసీ లేని పాపానికి ఏళ్ల తరబడి ఆస్తి పన్నూ నీటి చార్జీలూ అదనంగా కట్టి సుప్రీంకోర్టు దాకా వెళ్తే, ఓసీ తేకపోవడం సేవాలోపమేనని 2022లో తీర్పొచ్చింది. ఓసీ వచ్చాక కొంటే జీఎస్టీ కూడా ఉండదు. ఇంత కథ ఉన్న కాగితం గురించి, మా టవర్లో పాలు పొంగించిన ఏ ఇంట్లోనూ ఒక్కరూ అడగలేదు. అదే గడప ఎత్తు ఓ అంగుళం తగ్గితే ముహూర్తమే మార్చుకునేవాళ్లు.

కాబట్టి మా కోరికలు చిత్తగించండి. ఓసీ లేని గృహంలో పాలు పొంగవని ఒక సూత్రం చేర్చండి. సంస్కృతంలో ఉంటే మరీ మంచిది, అర్థం కాకపోతేనే మా వాళ్లకి గురి. రెరా నంబరు లేని స్థలానికి బయానా ఇస్తే వీధిపోటుతో సమానమనండి. సూపర్ బిల్టప్ మీద లెక్క కట్టిన ఇంటికి ఏ ఆయమూ కుదరదనండి. నీళ్లు కట్టి చూడని సన్‌కెన్ స్లాబుకి నవగ్రహ శాంతి కూడా పనిచెయ్యదని ఖండితంగా చెప్పండి. నిర్వహణ కోసమని మా దగ్గర వసూలు చేసిన కార్పస్ ఫండు లెక్కలు అసోసియేషన్‌కి అప్పగించని బిల్డరు ఎన్ని ఫేజులు మొదలెట్టినా కుబేర స్థానం ఖాళీయే అని ఒక ఫలశ్రుతి కూడా జోడిస్తే సంతోషిస్తాం. అన్నట్టు, అంధకాసుర యుద్ధంలో శివుడి చెమట చుక్క నుంచి పుట్టినప్పుడు తమరు లోకాల్నే మింగబోయారని, దేవతలంతా కలిసి నేలకు అణిచి పైన కూర్చుంటే గానీ ఆగలేదని పురాణం. ఆ ఆకలి ఇంకా కాస్త మిగిలి ఉంటే, మా దగ్గర ఫేజ్ 2 లాంచింగ్ వేదిక మీద ఇద్దరు ముగ్గురున్నారు.

ఇట్లు
తమ విధేయుడు,
ఈస్ట్ ఫేసింగ్ ఫ్లాటు యజమాని

తాజా కలం: తమ శిరస్సు ఈశాన్యంలో ఉంటుందంటారు. మా సెల్లార్లో ఊట నీరు చేరేది సరిగ్గా ఆ మూలకే. మోటారు పెట్టి తోడుతున్నారు గానీ, డీజిల్ ఖర్చు అసోసియేషన్ పెట్టుకోవాలా బిల్డరు పెట్టుకోవాలా అన్నది తేలక రాత్రి పదింటికి కట్టేస్తున్నారు. ఆ లోపే జవాబు దయచేయించగలరు.