పందుల తుపాకి

ఎన్నికల కోడ్ కూసిందంటే నాకు ప్రయాణం. ఊరి ఎన్నికలైనా, ఢిల్లీ ఎన్నికలైనా స్టేషన్ నుంచి మా ఇంటికి ఫోను వస్తుంది. మావాడు నన్ను యూరియా సంచిలో చుట్టి, బండి మీద వెనక కూర్చున్న భార్య ఒళ్లో పెట్టి మండలానికి తెస్తాడు. ఆమెకు నేనంటే గిట్టదు. దారి పొడవునా చీరకు తగలకుండా, పాము పడిన సంచిని పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. స్టేషన్‌లో రైటర్ లైసెన్సు పుస్తకం తెరుస్తాడు. నా గొట్టం మీది నంబరును గోటితో గీకి చూస్తాడు. రసీదు రాసి, నా మెడకు తాడుతో ఒక అట్టముక్క కడతాడు. ఓట్ల లెక్క తేలేదాకా మాల్‌ఖానాలో గోడకు ఆనుకుని ఉంటాను, పట్టుబడ్డ గుడుంబా డబ్బాల వాసన పీల్చుకుంటూ.

నేను భర్మార్‌ని. భర్ అంటే నింపు, మార్ అంటే కొట్టు. పేరులోనే నా బతుకంతా ఉంది. తూటా అనేది నాకు పట్టదు. సూరేకారం, గంధకం, బొగ్గు కలిపిన మందును ముందు మూతిలోంచి పోయాలి. దాని మీద పాతగుడ్డ కుక్కి ఇనుప చువ్వతో దట్టించాలి. ఆపైన సీసం రవ్వలు, మళ్లీ గుడ్డ, మళ్లీ చువ్వ. వెనక బొడిపె మీద అగ్గిపుల్ల తలకాయంత రాగి టోపీ తొడగాలి. అప్పుడు సుత్తి లేపి మీట నొక్కితే టోపీ పేలి, మందు అంటుకుని, నిలబడ్డవాడి కళ్ల నిండా పొగ కమ్ముతుంది. ఇంతా చేసి ఒక్క దెబ్బ. రెండో దెబ్బకు మళ్లీ మొదటి నుంచి. పంది అప్పటికి పక్క ఊరి పొలిమేర దాటుతుంది.

2023 అసెంబ్లీ ఎన్నికలప్పుడు మాల్‌ఖానాలో నా పక్కన ఇద్దరున్నారు. ఒకటి రిటైరైన మిలిటరీ మనిషిది, రెండు గొట్టాల పన్నెండు బోరు. పెద్దగా మాట్లాడదు. రెండోది కాన్పూర్ ఫ్యాక్టరీలో పుట్టిన ముప్పై రెండు బోరు రివాల్వర్. హన్మకొండ చుట్టుపక్కల వెంచర్లు వేసే ఒక పెద్దమనిషి నడుముకు వేలాడేది. తోలు సంచి ఇంకా కొత్త వాసన కొడుతోంది.

"తాతా, నీకు లైసెన్సు ఎందుకిచ్చిండ్రు?" అంది.

"పందుల కోసం బిడ్డా."

అది నవ్వింది. నవ్వనీ, నేనేమీ దొంగచాటు సరుకును కాదు. 1959 ఆయుధాల చట్టం పదమూడో సెక్షన్‌లో పంట కాపాడుకునే రైతుకు మూతిలోంచి నింపే తుపాకి ఇవ్వొచ్చని నా జాతిని ప్రత్యేకంగా తలుచుకుని రాశారు. ఆ రివాల్వర్ పేరు చట్టంలో ఎక్కడుందో చూపించమనండి.

"మా సార్‌కు మూడుండె," అంది రివాల్వర్. "2019ల చట్టం మార్చి మనిషికి రెండే అన్నరు. ఒకటి అప్పజెప్పిండు. గా దినం అన్నం గూడ తినలే. మన పానం మనం కాపాడుకునుడు మన ఇష్టం గాదా తాతా? గండ్ల సర్కార్ ఏంది నడుమ?"

నేను జవాబు చెప్పలేదు. చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి.

జనగామ దారిలో ఒక గడి గోడకు వేలాడేవాణ్ణి నేను. దొర షికారుకు కొత్త తుపాకులు వచ్చాక నన్ను కొద్ది రూపాయలకు ఒక రైతుకు ఇచ్చేశాడు. ఇప్పుడు నన్ను మోస్తున్నవాడికి ఆయన తాత. అప్పటికి ఊళ్లలో దొరల మీద సంగం లేచింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య గుండు తగిలి పడ్డాడు. ఆ గుండు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకిది. కొమరయ్య వెంట నడిచిన జనం చేతుల్లో ఉన్నవి కర్రలు, వడిసెలలు. మరుసటి ఏడు సెప్టెంబర్ 2న పరకాలలో జెండా ఎత్తడానికి పోయిన జనం మీద కాల్పులు జరిగాయి. అక్కడ కూడా ఒకవైపే మోత. ఆ నెలలోనే, 11న, రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ ఆయుధాలు పట్టమని పిలుపిచ్చారు.

ఒక రాత్రి సంగపోళ్లు వచ్చి అడిగారు: "పటేలా, మీ ఇంట్ల తుపాకి ఉన్నదట గదా."

ఈ ఒక్క మాటా గుర్తు పెట్టుకోండి. నా బతుకులో దీన్ని ఇంకా చాలామంది నోట విన్నాను.

తాత కాదనలేదు. ఊరి బురుజు మీదికి నేను ఎక్కాను. పగలు ఒకడు, రాత్రి ఒకడు నన్ను పట్టుకుని కూర్చునేవారు. కుమ్మరి ఒకనాడు, గొల్ల ఒకనాడు, తాత ఒకనాడు. కింద రాళ్ల కుప్ప, వడిసెలలు, దూరంగా దుమ్ము లేస్తే కొట్టడానికి డప్పు. నిజం చెప్పాలంటే ఆ ఏడాదిలో నేను పేలింది రెండుసార్లే, అందులో ఒకటి గాలిలోకి. భయపెట్టింది ఎక్కువగా డప్పే. కానీ బురుజు మీద ఒక తుపాకి ఉందన్న కబురు నాకంటే ముందు నడిచేది.

ఆ కబురు ఎటు తీసుకుపోతుందో బైరాన్‌పల్లి చూసింది. అక్కడి బురుజు మాకంటే పెద్దది, అక్కడి జనం మాకంటే గట్టివాళ్లు. రజాకార్లను ఒకటికి రెండుసార్లు తిప్పికొట్టారు. 1948 ఆగస్టు 27 తెల్లవారుజామున రజాకార్లు నిజాం పోలీసులను, ఫిరంగులను వెంటబెట్టుకుని వచ్చారు. ఫిరంగి ముందు భర్మార్ ఎంత? దొరికినవాళ్లను వరుసగా నిలబెట్టి కాల్చారు. ఒక్క ఊళ్లో తొంభై మందికి పైగా. ఆ వార్త మా ఊరికి చేరిన రాత్రి బురుజు మీద నన్ను పట్టుకున్న కుర్రవాడి చేతులు చెమటతో జారుతుంటే, చివరికి నన్ను ఒళ్లో పెట్టుకుని తువ్వాలతో కట్టుకున్నాడు. మూడు వారాలు తిరక్కముందే, సెప్టెంబర్ 17న, నిజాం లొంగిపోయాడు.

మేం బతికాం అనుకున్నాం. ఇండియా మిలిటరీ వచ్చింది. జీపు చావిడి ముందు ఆగింది. తర్జుమా చేసే మనిషి దిగి అడిగాడు: "మీ ఊళ్ల తుపాకులు ఉన్నయట గదా." రజాకార్ల మీద లేచిన తుపాకి, దొరను కాపాడిన తుపాకి, పందుల తుపాకి, అన్నీ చావిడి ముందు ఒకే కుప్ప. ఇవ్వనివాళ్లను కొట్టారు. కొందరు ఇవ్వకుండా అడవికి పోయి 1951 అక్టోబర్‌లో కమ్యూనిస్టు పార్టీ పోరాటం విరమించేదాకా దింపలేదు. దింపాలా వద్దా అని వాళ్లలో వాళ్లకే పెద్ద తగువు నడిచిందట. భూమి చేతికొచ్చినవాడు తుపాకి దింపితే భూమి నిలుస్తుందా అన్నది ఆ తగువు. అది పుస్తకాల్లో తెగే తగువు కాదు. చాలా ఊళ్లలో దొర తిరిగొచ్చి తెగ్గొట్టాడు.

ఈ సంగతి తలుచుకోవడానికి కారణం రివాల్వర్ కాదు, ఒక కానిస్టేబుల్. గ్రూప్స్‌కు చదువుతున్నాడు. రాత్రి డ్యూటీలో మాల్‌ఖానా గుమ్మంలో కుర్చీ వేసుకుని పాలిటీ నోట్సు పైకి చదివేవాడు. ఒక రాత్రి పంతొమ్మిదో అధికరణం వచ్చింది. 'శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా' సమావేశమయ్యే హక్కు. ఆయుధాలు లేకుండా అన్న ముక్కను రెండుసార్లు చదివాడు. దాని కింద నోట్సులో ఉన్నదంతా వింటుంటే నా గొట్టం చల్లబడింది.

1930లో గాంధీ వైస్రాయి ముందు పెట్టిన పదకొండు కోర్కెల్లో చివరిది ఆత్మరక్షణకు తుపాకి లైసెన్సులు ఇవ్వాలని, వాటి మీద అదుపు ప్రజలకుండాలని. అహింస చెప్పిన నోటితోనే! 1878లో తెల్లదొర చేసిన ఆయుధాల చట్టం మనవాళ్లను అంతగా కాల్చింది మరి. తెల్లవాడికి మినహాయింపు, మనవాడికి లైసెన్సు. 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో నిబంధనలకు లోబడి ప్రతి పౌరుడికీ ఆయుధం ఉంచుకునే హక్కుంటుందని రాసుకున్నారు. 1948 డిసెంబర్ తొలి రోజుల్లో రాజ్యాంగ సభలో హెచ్.వి.కామత్ ఆ మాటే గుర్తుచేసి హక్కుల్లో చేర్చమన్నాడు. అంబేద్కర్ ఒప్పుకోలేదు. ప్రతివాడూ బజారుకు పోయి అడ్డూ అదుపూ లేకుండా మారణాయుధాలు కొనుక్కునే హక్కుంటే ప్రభుత్వం నడిచేదెట్లా అన్నాడు. సవరణ వీగిపోయింది.

1948 డిసెంబర్. లెక్క వేసుకున్నాను. బైరాన్‌పల్లి చితులు ఆరి మూడు నెలలు. ఢిల్లీలో ఆ మాటలు జరుగుతున్న రోజుల్లో నేను సర్కారు గోదాంలో చెదలు పట్టిన తుపాకుల కుప్పలో అడుగున ఉన్నాను. మమ్మల్ని ఎవరూ అడగలేదు, అడిగితే ఏం చెప్పేవాణ్ణో ఈనాటికీ తెలియదు. బురుజు మీద ఉన్నవాణ్ణి కాబట్టి కామత్ వైపు మొగ్గాలి. గడి గోడ మీదా ఉన్నవాణ్ణి కాబట్టి అంబేద్కర్ మాట తీసేయలేను. ఆయుధం హక్కు అందరికీ ఇస్తే ముందు కొనేది ఎవడు? కుమ్మరి కాదు.

నన్ను తిరిగి ఇంటికి తేవడానికి తాత కచేరీ మెట్లు అరిగేదాకా తిరిగాడు. 1962లో కొత్త చట్టం అమల్లోకి వచ్చాక లైసెన్సు పుస్తకం వచ్చింది. గొట్టం మీద నంబరు కొట్టించారు. మందు ఎంత, టోపీలు ఎన్ని అని కూడా రాసి ఇచ్చారు. అప్పటి నుంచి ఇరవై ఏళ్లు నాకు పల్లి చేలు, మక్క చేలు, మంచె మీద చలి. ఆ ఇరవై ఏళ్ల గురించి చెప్పడానికేమీ లేదు. సుఖపడ్డ కాలం.

ఎనభైల్లో మళ్లీ ఒక రాత్రి తలుపు తట్టారు. ఈసారి అన్నలు. "తాతా, మీ ఇంట్ల తుపాకి ఉన్నదట గదా." దళానికి కావాలన్నారు. తాత ముసలాడైపోయాడు, గొంతు మాత్రం పోలేదు. "పందులను కొట్టేదానితోని మీరేం రాజ్యం తెస్తరు కొడుకా" అన్నాడు. వాళ్లు నవ్వి, అన్నం తిని, నన్ను చూసి, వదిలేసి పోయారు. మూడో రోజున స్టేషన్ నుంచి ఇద్దరొచ్చారు. "మీ ఇంట్ల తుపాకి ఉన్నది. అన్నలొచ్చిండ్రట. ఇయ్యనే లేదా, ఇచ్చి మళ్ల తెచ్చుకున్నవా?" తాతను రెండు రోజులు కూర్చోబెట్టారు. నన్ను చాలా ఏళ్లు.

అవి వరంగల్‌లో ఎవరి తుపాకి ఎవరిదో తెలియని రోజులు. 1985 సెప్టెంబర్ 3న పిల్లల డాక్టర్ రామనాథంను ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. పౌరహక్కుల సంఘం నాయకుడాయన. ముందురోజు ఒక ఎస్సైని నక్సలైట్లు చంపారు, ఆ శవయాత్ర నగరంలో సాగుతున్న వేళ ఇది జరిగింది. డాక్టరు చేతిలో ఏ తుపాకీ లేదు. కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పిన బాలగోపాల్ ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఎన్‌కౌంటర్ల మీద కొట్లాడి, చివరికి అడవిలోని తుపాకినీ అదే గొంతుతో ప్రశ్నించడం మొదలుపెట్టాడు. 1998లో వేరు సంఘం పెట్టుకున్నాడు. ఆయన్ను రెండువైపులా తిట్టినవాళ్లున్నారు. నాకైతే, పట్టుకున్న చెయ్యిని బట్టి కాకుండా గొట్టం ఎటు తిరిగిందో చూసి మాట్లాడిన మనిషి అనిపించాడు.

మాల్‌ఖానాలో రివాల్వర్ ఊరుకోలేదు.

"గదే అమెరికల అయితే తాతా, మా సార్ కొడుకు డల్లాస్‌ల ఉంటడు. దుకాణంకు పోయి కొనుక్కున్నడట. వాళ్ల రాజ్యాంగంల రాసి ఉన్నదట."

ఉంది. 1791లో రెండో సవరణగా రాసుకున్నారు. 2008లో వాళ్ల సుప్రీంకోర్టు అది ఇంట్లో ఆత్మరక్షణకు మనిషి మనిషికీ ఉన్న హక్కే అని చెప్పింది. కానీ రాసిన నాటికి వాళ్ల సైనికుల భుజాన ఉన్నది నా జాతే, మూతిలోంచి నింపేదే. ఇంకా విచిత్రం, ఈనాడు వాళ్ల కేంద్ర చట్టం లెక్కలో నాలాంటి భర్మార్ అసలు తుపాకే కాదు, పాతసామాను. నన్ను కొనడానికి అక్కడ లైసెన్సు గొడవ దాదాపు ఉండదు. ఇక్కడ నన్ను యూరియా సంచిలో మోసుకొచ్చి రసీదు తీసుకోవాలి.

ఇదంతా చెబితే రివాల్వర్ గర్వపడేది. అందుకని ఒకటే చెప్పాను. "2018ల మన వరంగల్ పిలగాడు ఒకడు చదువుకుందామని గా దేశం పోయిండు బిడ్డా. పెట్టెల వచ్చిండు. కాల్చినోడి చేతిల ఉన్నది గూడ తుపాకే."

రెండు గొట్టాల ముసలిది అప్పుడు మొదటిసారి మాట్లాడింది. "ఊకోరాదు ఇగ" అంది. ఎవర్ని అందో తెలియలేదు.

డిసెంబర్ 3న లెక్కింపు అయింది. ఆ వారంలో మావాడు వచ్చాడు. రైటర్ రసీదు తీసుకుని, అట్టముక్క తెంపి, "ఇంకా ఎందుకయ్యా ఈ పీడ, సరెండర్ చేసెయ్యి" అన్నాడు. వెనక నిలబడ్డ భార్య "నేను గదే అంటున్న సార్" అంది. మావాడు నవ్వి సంతకం పెట్టాడు. రెన్యూవల్ ఇంకా ఉంది. కలెక్టరాఫీసు బదులు ఇప్పుడు హన్మకొండలో పోలీస్ కమిషనరేట్‌కు పోవాలి.

సరెండర్ ఎందుకు చేయడో నాకు తెలుసు. తాత చివరి రోజుల్లో మంచం పక్కన నన్నే పెట్టుకునేవాడు. అంతకు మించి వీడికి నాతో పనేమీ లేదు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక పందిని అనుమతి లేకుండా కొడితే కేసు. పంట కాపాడుకోమని ఒక చట్టం నన్నిచ్చింది, పందిని ముట్టుకోవద్దని ఇంకో చట్టం చెప్పింది. రెండింటి మధ్య నాకు మిగిలింది చప్పుడు.

జనవరిలో ఒక రాత్రి, మక్క చేను పాలకంకి మీద ఉంది. మంచు బాగా కురుస్తోంది. మావాడు మంచె మీద ఫోనులో ఏదో చూస్తున్నాడు. కింద కర్రలు విరుగుతున్న శబ్దం. ఒకటి కాదు, మంద. ఫోను జేబులో పెట్టి, గబగబా మందు పోశాడు, గుడ్డ కుక్కాడు, రవ్వలు వేయలేదు. టోపీ తొడిగి ఆకాశం వైపు ఎత్తి మీట నొక్కాడు. టిక్. ఇంకో టోపీ. టిక్. రెండు నెలలు మాల్‌ఖానా చెమ్మలో ఉన్నాను, నా బొడిపెలో తుప్పు పేరుకుంది. ఎవరూ తుడవలేదు.

వాడు నన్ను మంచె పలకల మీద పడుకోబెట్టి, మూలనున్న నూనె డబ్బా తీసుకుని, చువ్వతో కొట్టడం మొదలుపెట్టాడు. నా చువ్వతోనే. ధన్ ధన్ ధన్ అని చేనంతా మోగింది. పందులు గట్టు దాటి వాగులోకి దిగాయి. అవి పోయాక కూడా వాడు చాలాసేపు ఆపలేదు. అవతల గట్టు మీద ఎవరో తమ డబ్బా అందుకున్నారు. తర్వాత ఇంకా దూరంగా ఇంకొకరు.